మేలట్టూరుకు రెండు లెన్సులు

మా మేనమామ 2022లో కాలం చేశారు. ఆయన వస్తువుల్లో మా అత్తయ్య నా చేతికి ఇచ్చినవి నాలుగు: ఒక కెమెరా, రెండు లెన్సులు, నల్ల అట్ట వేసిన ఒక నోటుపుస్తకం. ఇస్తూనే ఒక షరతు పెట్టింది.

"కెమెరా నీదే. లెన్సులు రెండూ నీకెందుకు? ఒకటి ఉంచుకో, ఇంకొకటి అమ్మి ఆ డబ్బు నాకివ్వు. వంటింటి పైకప్పు మూడు వానాకాలాల నుంచి కారుతోంది. ఏది ఉంచుకుంటావో, ఏది అమ్ముతావో నీ ఇష్టం" అంది.

వాటి సంగతి ఆవిడకేం తెలుసులే అనుకున్నాను. నాకంటే ఆవిడకే బాగా తెలుసునని తరువాత బోధపడింది. ఆ కథే ఇది. దీనితోపాటు తంజావూరు జిల్లాలోని ఒక తెలుగు రాత్రి సంగతి కూడా చెప్పుకోవాలి. ఎందుకంటే ఆ రాత్రి లేకపోతే నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోయేవాణ్ణి.

ముందు కెమెరా గురించి. మామయ్య చాలాకాలం రూర్కెలా ఉక్కు కర్మాగారంలో పనిచేశారు. పశ్చిమ జర్మనీ సహకారంతో కట్టిన కర్మాగారమది. మొదటి బ్లాస్టు ఫర్నేసు 1959లో మొదలైంది. ఆ రోజుల్లో ఆ ఊళ్లో జర్మను ఇంజనీర్లు వందల మంది ఉండేవారట. వాళ్లలో ఒకాయన 1963లో స్వదేశం వెళ్లిపోతూ తన లైకా ఎం3 కెమెరాను మామయ్యకు అమ్మారు. మామయ్య ఆరు నెలల పాటు జీతంలోంచి కొంచెం కొంచెం తీర్చారు. దానికి అప్పుడు ఉన్న లెన్సు ఒక్కటే: ఎల్మార్, 50 మిల్లీమీటర్లు, ఎఫ్ 2.8. రెండోది, సమ్మిలక్స్, 50 మిల్లీమీటర్లు, ఎఫ్ 1.4, పదకొండేళ్ల తరువాత 1974లో మద్రాసులో పాతసరుకుగా కొన్నది.

మన పాఠకుల్లో ఫోటోలు తీసే అలవాటున్నవారికి తెలిసిన విషయమే అయినా, తెలియనివారి కోసం రెండు మాటలు. లైకా ఎం3 రేంజ్‌ఫైండర్ కెమెరా. అంటే మనం చూసేది లెన్సులోంచి కాదు. కెమెరా పై మూలన ఉన్న చిన్న కిటికీలోంచి చూస్తాం. ఆ కిటికీ మధ్యలో మసక పసుపు చతురస్రంలో బొమ్మ రెండుగా కనబడుతుంది. లెన్సు తిప్పుతూ పోతే ఆ రెండు బొమ్మలూ ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. అప్పుడు ఫోకసు కుదిరినట్టు. లోపల అద్దం ఎగిరిపడే పని లేదు గనుక శబ్దం చాలా తక్కువ, కుదుపూ తక్కువే. అందుకే మసక వెలుతురులో చేత్తో పట్టుకుని నిదానంగా తీయడానికి ఈ రకం కెమెరాలకు పేరు.

ఇక లెన్సులు. రెండూ 50 మిల్లీమీటర్లవే. 1925లో లైకా మొదటిసారి బజారులోకి వచ్చినప్పుడు దానికున్నదీ 50 మిల్లీమీటర్ల లెన్సే. మరీ వెడల్పూ కాకుండా, మరీ దూరాన్ని లాగకుండా, మనం మామూలుగా ఒక మనిషిని చూసినట్టు చూపిస్తుంది గనుక దాన్ని స్టాండర్డు లెన్సు అన్నారు. కాబట్టి మా రెండు లెన్సులూ చూపించే దృశ్యం ఒకటే. తేడా అంతా లావులో, వెలుతురులో ఉంది.

ఎల్మార్‌లో నాలుగే నాలుగు గాజు బిళ్లలు. పని లేనప్పుడు గొట్టాన్ని లోపలికి నెట్టేస్తే కెమెరా ఒళ్లోకి ముడుచుకుపోతుంది. లాల్చీ జేబు కొంచెం పెద్దదైతే కెమెరాతో సహా పట్టేస్తుంది. సమ్మిలక్స్‌లో ఏడు బిళ్లలు. ముందు గాజు పెద్దది, బరువూ ఎక్కువే. మెడలో వేసుకుంటే కెమెరా ముక్కు నేల చూస్తుంది. పైగా కిటికీలోంచి చూస్తున్నప్పుడు కింది మూల కొంచెం అడ్డం కూడా వస్తుంది.

మరి ఆ లావు ఎందుకు మోయాలి? ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుతురును లోపలికి రానిస్తుంది. 2.8 నుంచి 2కు వస్తే రెండింతలు, 2 నుంచి 1.4కు వస్తే మళ్లీ రెండింతలు. అంటే ఎల్మార్ కంటే సమ్మిలక్స్ నాలుగు రెట్లు వెలుతురు పడుతుందన్నమాట. ఎల్మార్‌తో సెకనులో పదిహేనో వంతు సేపు షట్టరు తెరవాల్సిన చోట, సమ్మిలక్స్‌తో అరవయ్యో వంతు చాలు. పదిహేనో వంతులో నిలబడ్డ మనిషి వస్తాడుగాని ఆడే చెయ్యి రాదు. అరవయ్యో వంతులో చెయ్యి కూడా దాదాపుగా వస్తుంది.

ధరలోనూ తేడా ఉంది. విచారించిన చోటల్లా ఎల్మార్‌కు చెప్పిన ధరకు సమ్మిలక్స్ మూడు నాలుగు రెట్లు పలికింది. ఎల్మార్ అమ్మి ఇచ్చే డబ్బుతో వంటింటి కప్పుకు తారు పూయించవచ్చు. సమ్మిలక్స్ అమ్మితే కొత్త కప్పే వేయించవచ్చు. షరతులో "నీ ఇష్టం" అన్న మాట ఉంది గనుక నా మనసు ఎటు లాగుతోందో చెప్పనక్కరలేదు. మంచిదాన్ని ఉంచుకుని చిన్నదాన్ని అమ్మేయాలని. సిగ్గుగా ఉన్నా నిజం అదే. అందుకే రెండేళ్లు వాయిదా వేశాను.

2024 వేసవిలో అత్తయ్యే మార్గం చూపించింది. "మీ మామయ్య ప్రతి వైశాఖంలో మేలట్టూరు వెళ్లేవారు. ఒకసారి నన్ను తీసుకుపో. ఆ రెండూ పట్టుకురా. అక్కడ తీసి చూస్తే నీకే తెలుస్తుంది" అంది. ఆవిడకు ఎనభై దాటాయి. కాదంటానా?

తిరుచ్చిలో పొద్దున్నే రైలెక్కితే తంజావూరు సుమారు గంట ప్రయాణం. రాత్రి దాకా సమయముంది గనుక ముందు పెద్దగుడికి వెళ్లాం. రాజరాజచోళుడు 1010లో పూర్తి చేసిన గుడి. విమానం ఎత్తు అరవై మీటర్లకు పైమాటే. మే నెల ఎండలో ఆ రాతి నేలమీద కాలు పెట్టడమే కష్టం. కొబ్బరిపీచు చాపలు పరిచిన దారి మీదుగా అత్తయ్యను చెయ్యి పట్టుకుని నడిపించాను.

అక్కడ ఎల్మార్‌దే రాజ్యం. అంత ఎండలో ఎఫ్ 16 పెట్టినా సెకనులో నాలుగు వందలో వంతు కావాలి, నేను వేసిన 400 స్పీడు నలుపు తెలుపు ఫిల్ముకు. సమ్మిలక్స్‌ను పూర్తిగా తెరిచి తీయాలంటే యాభై వేలో వంతు కావాలి. ఎం3 షట్టరు వెయ్యో వంతు దగ్గర ఆగిపోతుంది. కాబట్టి పగటిపూట ఆ పెద్ద కన్ను మూసుకునే ఉండాలి. ఎఫ్ 8 దగ్గర రెండు లెన్సులతో తీసిన ఫోటోలను పక్కపక్కన పెడితే ఏది దేనితో తీసిందో చెప్పడం నా వల్ల కాదు. అంత డబ్బు పెట్టి కొన్న తేడా పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా కనిపించదు.

ఇంకో సంగతి. ఇటువంటి కెమెరాల్లో షట్టరు రబ్బరు పూసిన గుడ్డతో చేసింది. లెన్సు మూత తీసి సూర్యుడి వైపు పెట్టి ఉంచితే, చిన్నప్పుడు మనం భూతద్దంతో కాగితం కాల్చినట్టు, ఆ గుడ్డకు చిల్లి పడుతుంది. లెన్సు పెద్దదైతే ప్రమాదమూ పెద్దదే. మామయ్య కెమెరా మెడలో వేసుకుంటే లెన్సును పొట్ట వైపు తిప్పుకునేవారు. ఎందుకో నాకు చాలాకాలం తెలియలేదు.

ఎల్మార్ చిన్నది కావడంలో ఇంకొక మేలు ఉంది. జనం పట్టించుకోరు. నంది మండపం నీడలో ఒక ముసలాయన మనవరాలికి పెరుగన్నం తినిపిస్తున్నాడు. జేబులోంచి తీసి, ఒక్కటి తీసి, మళ్లీ జేబులో పెట్టేశాను. ఆయన తలెత్తలేదు. పెద్ద లెన్సు చూస్తే జనం సర్దుకుని కూర్చుంటారు, లేదా విసుక్కుంటారు.

చిన్నదానికి ఒక చెడ్డ గుణమూ ఉంది. ముడిచిన గొట్టాన్ని బయటికి లాగి, తిప్పి బిగించాలి. మరిచిపోతే? మనం చూసేది వేరే కిటికీలోంచి కదా, అందులో అన్నీ చక్కగానే కనబడతాయి. గుడి రెండో ప్రాకారంలో వరుసగా ఆరు ఫోటోలు అలాగే తీశాను. ఏడోదానికి అత్తయ్య అంది, "ఏంరా అల్లుడూ, దాని ముక్కు బయటికి రాలేదే?" అని. కెమెరా ముట్టని మనిషి! నలభై ఏళ్లు పక్కన నిలబడి చూసిందిగా.

మధ్యాహ్నం సరస్వతీ మహలు దగ్గర కాసేపు కూర్చున్నాం. రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు ఏలిన కాలంలో ఈ ఊళ్లో ఎంత తెలుగు పుట్టిందో మన పాఠకులకు చెప్పాలా? వారి తరువాత వచ్చిన మరాఠా రాజుల్లో శహాజీ కూడా తెలుగులో యక్షగానాలు రాశాడు. తమిళ నేల మీద మరాఠీ రాజు తెలుగులో రాయడం ఇప్పుడు వింతగా ఉంటుందిగాని, అప్పటివారికి వింత కాదు.

సాయంత్రం మేలట్టూరు బస్సెక్కాం. ఇరవై కిలోమీటర్ల లోపు దూరం. వరి కోసిన పొలాలు, కొబ్బరి తోటలు, మధ్యమధ్య కాలవలు. ఒళ్లో సంచి పెట్టుకుని సమ్మిలక్స్‌ను జేబురుమాలులో చుడుతుంటే అత్తయ్య దానివైపు చూసి నవ్వింది.

"ఆ లావుపాటిది ఎవరిదో తెలుసునా?"

"మామయ్యదేగా?"

"నా గాజులురా అవి. నాలుగు. మా అమ్మ పెట్టినవి. ఇవ్వనంటే ఆయన అడగడు. మొహం చూడలేక నేనే తీసి ఇచ్చాను. మళ్లీ చేయిస్తానన్నాడు. పిల్లల చదువులు, పెళ్లిళ్లు, ఎక్కడ కుదిరింది?" అంది. గొంతులో నిష్ఠూరం లేదు. బస్సు కిటికీలోంచి కాలవ చూస్తూ, వేరెవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. నేను రుమాలు ముడి వేసి సంచిలో పెట్టాను. ఏమీ అనలేకపోయాను.

మేలట్టూరు చిన్న ఊరు. తంజావూరు నేలిన అచ్యుతప్ప నాయకుడు 510 బ్రాహ్మణ కుటుంబాలకు ఇళ్లూ భూములూ ఇచ్చి ఇక్కడ నిలిపాడని చెబుతారు. త్యాగరాజస్వామి కాలానికి కొంచెం ముందు పుట్టిన మేలట్టూరు వెంకటరామశాస్త్రిగారు ఈ ఊరివారే. ప్రహ్లాద చరిత్రము, ఉషా పరిణయము, హరిశ్చంద్ర వంటి నాటకాలు తెలుగులో రాశారు. నరసింహ జయంతి నాడు, అంటే వైశాఖ శుద్ధ చతుర్దశి రాత్రి, వరదరాజ పెరుమాళ్ గుడి ఎదుట వీధిలో ప్రహ్లాద చరిత్రము ఆడతారు. దేవుడే మొదటి ప్రేక్షకుడు. ఆడేవారంతా మగవారే, ఆడ వేషాలతో సహా. నటన వారికి బతుకుతెరువు కాదు. ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకునేవారు సెలవు పెట్టుకుని వచ్చి ఆడతారు. మన కూచిపూడికి ఈ భాగవతమేళం దూరపు దాయాది అనవచ్చు.

ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది తమిళమే. మా పక్కన కూర్చున్న పెద్దాయన చేతిలో ఒక నోటుపుస్తకం ఉంది. తొంగి చూశాను. తెలుగు దరువు, తమిళ అక్షరాల్లో. మేము తెలుగు మాట్లాడుకోవడం విని, "మీకు ఆ లిపి చదవడం వచ్చా?" అని తమిళంలో అడిగారు. వచ్చన్నాను. "అదృష్టవంతులు" అన్నారు. మా మనవడికి రాదని ఆయనకు చెప్పలేదు.

రాత్రి బాగా పొద్దుపోయాక నాటకం మొదలైంది. ముందు కోణంగి గంతులు వేస్తూ వచ్చాడు. తరువాత ఏనుగు మొహం తొడుక్కున్న చిన్న పిల్లవాడు వినాయకుడుగా వచ్చి దీవించాడు. ఆ తరువాత ఒక్కొక్క పాత్ర తన ప్రవేశ దరువుతో రావడం. హిరణ్యకశిపుడు అడుగు పెట్టేసరికి బల్లల స్టేజి అదిరింది.

అర్ధరాత్రి దాకా ఎల్మార్‌తోనే తీశాను. ఫోను మీటరు ప్రకారం ఎఫ్ 2.8, పదిహేనో వంతు. ఊపిరి బిగబట్టి, మోచేతులు డొక్కలకు ఆనించి. పక్కన పాడే భాగవతులు బాగా వస్తారని తెలుసు, వాళ్లు నిలబడి ఉంటారు గనుక. లీలావతి అభినయం పడుతుంటే మాత్రం ఆ చేతుల్ని పట్టలేకపోతున్నానని అప్పుడే తెలిసిపోతోంది.

అర్ధరాత్రి దాటాక లెన్సు మార్చాను. ఎఫ్ 1.4, అరవయ్యో వంతు. షట్టరు శబ్దమే మారింది, చురుగ్గా. కాని ఇంకో కష్టం మొదలైంది. లెన్సు అంతగా తెరిస్తే, మూడు మీటర్ల దూరంలో ఉన్న మనిషికి ఫోకసు నిలిచే లోతు మొత్తం ఒక అడుగు. ఒకటిన్నర మీటరు దూరంలో అయితే నాలుగు వేళ్ల వెడల్పు. హిరణ్యకశిపుడు ఒక అడుగు ముందుకు వేస్తే కిరీటం స్పష్టం, కళ్లు మసక. నా కళ్లకు అరవై దాటాయి. ఆ పసుపు చతురస్రంలో రెండు బొమ్మలు కలిసేలోపు రాజుగారు స్టేజి అటు చివర ఉంటున్నారు. ఎల్మార్‌తో కదలిక చెడగొట్టింది, దీనితో ఫోకసు చెడగొడుతోంది. పెద్ద లెన్సు కొంటే మసక పోతుందనుకుంటాం. ఒక మసక పోయి ఇంకొక మసక వస్తుంది.

నా ముందు వరుసలో అందరి చేతుల్లోనూ ఫోన్లే. వాళ్లకు ఈ బాధేమీ లేదు. ఫోను తనే అన్నీ సర్దుకుంటోంది. ఒక కుర్రాడు నా కెమెరా వైపు జాలిగా చూశాడు కూడా.

రెండు గంటల వేళ కాళ్లు పట్టేస్తే లేచి పక్కకు వెళ్లాను. తెర వెనుక ఒకే ఒక్క బల్బు. దాని కింద ప్రహ్లాదుడు నిలబడి ఉన్నాడు. పదేళ్లు ఉంటాయేమో. అంతకు ముందు క్షణమే స్టేజి మీద తండ్రికి ఎదురు నిలిచి, హరి ఎక్కడెక్కడ ఉన్నాడో ఒక్క ఒత్తు తప్పకుండా తెలుగులో చెప్పి వచ్చాడు. వస్తూనే తల్లి కొంగు పట్టుకుని, "అమ్మా, తణ్ణి" అన్నాడు. ఆమె స్టీలు గ్లాసు అందించింది. కిరీటం పక్కకు జరగకుండా తల వెనక్కి వంచి, కళ్లు మూసుకుని తాగుతున్నాడు. బుగ్గల మీద రంగు చెమటకు కారుతోంది.

మీటరు ఎఫ్ 1.4కు పదిహేనో వంతు అడిగింది. నేను ముప్పయ్యో వంతు పెట్టి, గ్లాసు అంచుకు ఫోకసు కట్టి, రెండు తీశాను. ఎల్మార్ ఉంటే అక్కడ పావు సెకను కావాలి. పిల్లవాడు పావు సెకను కదలకుండా ఉంటాడా? అప్పుడే నిర్ణయం అయిపోయిందనుకున్నాను. సమ్మిలక్స్‌ను వదులుకోవడం నా వల్ల కాదు.

తెల్లవారుజామున నరసింహస్వామి వచ్చారు. ఆ ముఖం ఏడాది పొడవునా గుడిలో పూజలందుకునేది. దాన్ని ధరించేవారు ఉపవాసముంటారు. ఆవేశం వస్తే ఆపడానికి చుట్టూ మనుషులు పట్టుకుని ఉంటారు. కర్పూరపు పొగ, సన్నాయి, జనం గోవింద నామాలు. ఆ సమయంలో నేను ఫోటో తీయలేదు. తీయాలనిపించలేదు. అత్తయ్య రెండు చేతులూ జోడించి, పెదవులు కదుపుతూ నిలబడింది.

వెలుతురు వచ్చాక మళ్లీ ఎల్మార్ పెట్టాను. వీధి అరుగు మీద, ఖాళీ అయిన చాపల మధ్య, అత్తయ్య చెప్పులు వెతుక్కుంటోంది. ఒకటి తీశాను. ఆవిడకు తెలియదు.

ఇంటికి వచ్చాక మూడు రీళ్లూ కడిగించాను. లెక్క ఇది. పగలు ఎల్మార్‌తో తీసిన ముప్పై ఆరులో, ముక్కు లాగని ఆరూ పోగా, దాదాపు అన్నీ బాగున్నాయి. రాత్రి ఎల్మార్‌తో తీసిన ఇరవైలో అయిదు. రాత్రి సమ్మిలక్స్‌తో తీసిన ఇరవై నాలుగులో తొమ్మిది. మిగిలినవాటిలో ఎక్కువ ఫోకసు తప్పినవే. మూలల్లో దీపాలు రెక్కలు విప్పిన పిట్టల్లా సాగాయి. పాత రోజుల పెద్ద లెన్సులను పూర్తిగా తెరిస్తే అది మామూలే. కాని ఆ తొమ్మిదిలో నీళ్లు తాగే ప్రహ్లాదుడు ఉన్నాడు. నా జన్మలో అంతకంటే మంచి ఫోటో తీయలేదు.

అప్పుడు మామయ్య నోటుపుస్తకం తీశాను. ప్రతి రీలుకూ లెక్క రాసుకున్నారు. 1968: "మేలట్టూరు. 2.8. పదిహేనో వంతు. పందిరి రాటకు ఆనుకుని. 11, 14, 20 బాగున్నాయి." 1975: "మేలట్టూరు. కొత్త లెన్సు. 1.4. అరవయ్యో వంతు. 7, 8, 9, 22, 23, 30." తరువాతి ఏళ్లలోనూ అలాగే, మూడు నాలుగు అంకెలు ఎక్కువ. 1968 నాటి ఆ మూడు ఫోటోలూ వాళ్ల హాలులో గోడ మీద ఉన్నవే. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. 1975 తరువాతివి ఆల్బంలో ఉన్నాయి.

నాలుగు గాజులకు మూడు నాలుగు ఫోటోలు ఎక్కువ. మామయ్య తప్పు చేశారని నేననను. ఆ మూడు నాలుగింటి కోసమే మనిషి రాత్రంతా నిలబడతాడు. నేను తీసిన ఆ ఒక్కటీ అటువంటిదే. కాని గాజులు నావి కావు.

సమ్మిలక్స్‌ను చెన్నైలో అమ్మాను. అమ్మే ముందు టార్చిలైటు వేసి లోపల బూజు లేదని చూపించాల్సి వచ్చింది. మన ఉక్కపోత ఊళ్లలో తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచిన లెన్సులకు బూజు పట్టడం ఖాయం. మామయ్య సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో ఉంచారు గనుక యాభై ఏళ్లు నిలిచింది. డబ్బు అత్తయ్య చేతిలో పెట్టాను. లెక్కపెట్టకుండా మంచం కింద పెట్టెలో వేసి, "చిన్నది అమ్ముతావనుకున్నాను" అంది. అంతే.

మన పాఠకుల్లో ఎవరికైనా ఇటువంటి ఎంపిక ఎదురైతే నా అనుభవం మేరకు చెప్పదగినది ఇది. మీరు తీసేవి పండుగలూ, ప్రయాణాలూ, పిల్లలూ అయితే జేబులో పట్టే లెన్సే మేలు. వెంట ఉన్న లెన్సే ఫోటో తీస్తుంది, బీరువాలోది కాదు. కచేరీలు, నాటకాలు, దీపాల వెలుతురు మీ ఇష్టమైతే, కళ్లు చురుగ్గా ఉంటే, ఎఫ్ 1.4 బరువుకు తగిన ఫలితమిస్తుంది. ఎటూ తేలకపోతే మధ్యేమార్గంగా ఎఫ్ 2 లెన్సులు ఉన్నాయి. లైకావారి సమ్మిక్రాన్ అటువంటిదే. పెద్దదానికంటే ఒక్క మెట్టు తక్కువ వెలుతురు, లావు చాలా తక్కువ. ఇక ఫిల్ము మానేసి డిజిటల్ రేంజ్‌ఫైండర్ వాడేవారికి కెమెరాయే చీకట్లో స్పీడు పెంచుకుంటుంది గనుక పెద్ద లెన్సు అవసరం మునుపటంత లేదు. వెనుక దృశ్యాన్ని మసకబార్చే అందం కోసం కొనుక్కోవాలి, అంతే.

వంటింటికి కొత్త కప్పు పడింది. గాజులు చేయించడానికి డబ్బు మిగల్లేదు. అడిగితే, "ఈ చేతులకు ఇప్పుడెందుకురా" అంది. ప్రహ్లాదుడి ఫోటో పెద్దది చేయించి ఇస్తే హాలులో ఆ మూడింటి పక్కన మేకు కొట్టించింది. దేనితో తీశానో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

2025 మే నెలలో మళ్లీ వెళ్లాను. అత్తయ్య రాలేనంది. జేబులో ఎల్మార్ ఒక్కటే. ఇంటికి వచ్చాక మామయ్య నోటుపుస్తకంలో, ఆయన రాత ఆగిన చోట ఒక గీత వదిలి, కింద ఇలా రాసుకున్నాను: "మేలట్టూరు. 2.8. పదిహేనో వంతు. పందిరి రాట దొరికింది. 3, 17."